స్టీలు పళ్ళాల కారు

మొన్న ఆదివారం వంకాయలు కొందామని హన్మకొండ వెళ్ళి, వంకాయలు కొనకుండానే ఇంటికొచ్చాను. ఖాళీ సంచీ చూసి మా ఆవిడ నాకేమైనా అయిందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. అయిన మాట నిజమే. మార్కెట్టుకు పోయే దారిని తాళ్ళు కట్టి మూసేసి, రోడ్డుకు రెండు పక్కలా ప్రదర్శనకని పాతకార్లను వరసగా నిలబెట్టారు. నల్లకళ్ళద్దాల కుర్రాళ్ళు తమ బండ్లను మెత్తటి గుడ్డలతో పసిపిల్లల్ని తుడిచినట్టు తుడుస్తున్నారు. జనం ఫోన్లెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. నాకొక జబ్బుంది. వస్తువు కనబడితే ధర అడగకుండా ఉండలేను. కొనే ఉద్దేశం ఉండదు, జేబులో డబ్బూ ఉండదు, అయినా నోరు ఊరుకోదు. కిందటేడు దవాఖానలో పడుకుని, నాకే ఎక్కిస్తున్న సెలైన్ సీసా ఎంతకు పడుతుందని అడిగి నర్సమ్మతో చీవాట్లు తిన్నాను. దుకాణాల మధ్య పుట్టి పెరిగినవాడికి అది రక్తంలోనే ఉంటుంది. అందుకని ఒక్కో కారు దగ్గరా ఆగి, "ఎంతకిస్తవు బిడ్డా?" అని అడుగుతూ, చెప్పిన ధరకు నోరు వెళ్ళబెడుతూ, వరస చివరిదాకా నడిచాను.

చివర్న నిలబడి ఉంది ఒక పెద్ద విలాయతీ బండి. ముదురు ఆకుపచ్చ రంగు, ఏనుగు నుదురులాంటి ముందుభాగం, గుండ్రటి ఇత్తడి అంచుల దీపాలు. దాని ముందు ఒక బోర్డు పెట్టారు. ఇది ఒక రాజకుటుంబం వాడిన వాహనమనీ, దీని చక్రాల మూతల మీద రాణిగారి పేరు చెక్కించి ఉందనీ, అలాంటి మూతలు దేశంలో మరెక్కడా లేవనీ అందులో రాశారు. రాణిగారి పేరేమిటో చూద్దామని మోకాళ్ళు పట్టుకుని వంగాను. మూత మీద అంచు వెంట చుక్కలు చుక్కలుగా తెలుగు అక్షరాలు. చదివాను. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివాను. తరవాత నడిరోడ్డు మీద అట్లాగే చతికిలబడ్డాను. అది మా పెద్దమ్మ పేరు.

కారు తాలూకు కుర్రవాడు పరుగెత్తుకొచ్చి, "అంకుల్, జర ముట్టుకోకండి, ప్లీజ్," అన్నాడు. వాడికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదట, ఎవరో చదివి చెప్పారట. "రాణిగారి పేరు అంకుల్ అది. వాళ్ళ కాలంల చక్రాలకు గూడ పేర్లు వేయించుకునేటోళ్ళంట." ఆ రాణిగారు నాకు చిన్నప్పుడు పచ్చిపులుసన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఆ విలాయతీ మూతలు మా దుకాణంలో తూకానికి అమ్మే స్టీలు పళ్ళాలు.

వరంగల్ చౌరస్తాకు దగ్గర్లో మా వీధి. ఒక కొసన బట్టల దుకాణాలు, ఇంకో కొసన మిర్చి ఏజెంట్లు, మధ్యలో మా పెద్దబాపుది, అంటే పెద్దనాన్నది, గిన్నెల దుకాణం. ఇత్తడి బిందెలు, కంచు చెంబులు, అప్పుడప్పుడే ఊరూరా పాకుతున్న స్టీలు సామాను. గిన్నె కొన్నవాళ్ళకు దాని మీద పేరు కొట్టివ్వడం మా దుకాణం రివాజు. చిన్న ఉలి, చిన్న సుత్తి, చుక్క పక్కన చుక్క. పెళ్ళికూతురి పేరో, అత్తగారి పేరో, కాన్పుకు పుట్టింటికొచ్చిన బిడ్డ పేరో. వరంగల్ చుట్టుపక్కల ఎన్ని వంటిళ్ళలో మా పెద్దబాపు చేతిరాత ఉందో లెక్కలేదు. ఆయన రాసింది అంతా ఉలితోనే. పెన్ను పట్టడం ఆయన చేతగానివాళ్ళ పనిగా చూసేవాడు.

ఆ బండి ఆయన చేతికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆయన బేరం సంగతి చెప్పాలి. డెబ్భైల మొదట్లో మరిపెడ వైపు ఒక పాత దొరల గడీ వాళ్ళు సామాను అమ్ముకుంటుంటే, గంగాళాలు కొనడానికి వెళ్ళి, పశువుల కొట్టంలో కోళ్ళు గుడ్లు పెడుతున్న ఈ కారును చూశాడు. ఆ రోజునుంచి వీలైనప్పుడల్లా బస్సెక్కి వెళ్ళి దాన్ని తిట్టి వచ్చేవాడు. ఒకసారి రంగు బాగాలేదనేవాడు, ఒకసారి కోళ్ళ వాసనొస్తోందనేవాడు, ఒకసారి ఇంత పెద్ద బండిలో మనిషి ఒంటరివాడైపోతాడనేవాడు. చివరికి ఆ గడీ పెద్దమనిషి కారు అమ్మినందుకు కాదు, మా పెద్దబాపు రాకపోకలు ఆగినందుకు ఊపిరి పీల్చుకున్నాడట. ఎడ్లను కట్టి వరంగల్ దాకా లాక్కొచ్చారు. చక్రాలకు మూతలు లేవు. విడిభాగాల కోసం హైదరాబాదు పొమ్మని మెకానిక్కు చెబితే, పెద్దబాపు నవ్వి, దుకాణంలోంచి నాలుగు స్టీలు పళ్ళాలు తీసి, నట్లతో బిగించేశాడు. అలవాటు ఊరుకోదు కదా, బిగించే ముందు నాలుగింటి మీదా పేరు కొట్టాడు. మా పెద్దమ్మ పేరు. ఎందుకు కొట్టావని మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆమె మాత్రం, "నా పేరును దుమ్ముల దొర్లిస్తవా?" అని ఒక పూట మాట్లాడలేదు. మర్నాటినుంచి ఆ పళ్ళాలను, దీపాల ఇత్తడి అంచులను చింతపండుతో తోమడం మొదలుపెట్టింది. వాళ్ళకు పిల్లల్లేరు. మా అన్నదమ్ములందరినీ పెంచింది ఆమే. అయినా మా వీపులు కూడా అంత శ్రద్ధగా తోమలేదని మాకు చాలాకాలం ఉక్రోషం ఉండేది.

కారు తిరిగింది తక్కువ. పెట్రోలు పోయించడమంటే పెద్దబాపుకు ఒంట్లోంచి నెత్తురు తీయించుకున్నట్టుండేది. అది నిజంగా బయటికొచ్చేది దసరానాడు. ఆ రోజు పొద్దున ఆయుధపూజకు మా వీధి వీధంతా ఒక కార్ల సంత. ఎవరెవరి బండి వాళ్ళ దుకాణం ముందు కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండలు కట్టి నిలబెట్టేవాళ్ళు. బట్టల షావుకారు ల్యాండ్‌మాస్టరుకు కిటికీలన్నిటికీ పెళ్ళిచీరల అంచులతో కుట్టిన తెరలు. మిర్చి ఏజెంటు జీపుకు వెనక భాగం కోసి, బస్తాలు పట్టేట్టు చెక్కపెట్టె కట్టించాడు. దాని పక్కన నిలబడితే తుమ్ములే తుమ్ములు. నూనె మిల్లాయన అంబాసిడరుకు గోడల రంగే కుంచెతో వేసుకున్నాడు. హన్మకొండనుంచీ, కాజీపేటనుంచీ జనం పిల్లల్ని భుజాలమీదెక్కించుకుని చూడ్డానికొచ్చేవాళ్ళు. ఎవరి బండి ముందు ఎక్కువ గుంపు నిలబడితే ఆ ఏడాది పరువు వాళ్ళది. ప్రతి ఏడూ ఆ పరువు మాదే. వెనక సీటు తీసేసి పెద్దబాపు దుకాణం గద్దెలాగా పరుపూ బాలీసూ వేయించాడు. దాని మీద పట్టుచీర కట్టుకుని పెద్దమ్మ కూర్చుని, పూజయ్యేదాకా అందరికీ కుంకుమ భరిణె అందిస్తూ ఉండేది. ఏడాదంతా వంటింట్లో ఉండే మనిషిని వీధి మొత్తం చూసే పూట అదొక్కటే.

నేను చెప్పబోయే దసరా ఎనభైల మొదట్లోది. అప్పటికి నాకు మీసాలొచ్చి, గల్లా దగ్గర కూర్చునే హక్కొచ్చి, నన్ను మించిన బేరగాడు ఓరుగల్లులో పుట్టలేదని నమ్మే వయసు. ఆ ఏడాది పూజకు బాజాలు పెట్టాలని వీధి పెద్దలు అనుకుని, మాట్లాడే పని నాకప్పగించారు. పరకాలనుంచి ఒక బ్యాండు మాస్టరును పిలిపించాను. సన్నటి మనిషి, ఎర్రకోటు, భుజాలమీద బంగారురంగు కుచ్చులు, చంకలో క్లారినెట్. ఆయన చెప్పిన ధరను సగం చేసి, పైన ఒక పెద్దడోలును ఉచితంగా ఒప్పించి, వీధంతా చెప్పుకుని తిరిగాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. తల ఊపి, డోలువాణ్ణి పిలిచాడు, అంతే.

పూజయింది. గుమ్మడికాయలు పగిలాయి, చక్రాలకింద నిమ్మకాయలు పెట్టారు. బ్యాండు మాస్టరు వాయించడం ఆపి, మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, పెద్దబాపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"సేటూ, గీ కారు ఎంతకిస్తవు?"

వీధి పగలబడి నవ్వింది. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. పెద్దబాపు నవ్వలేదు, ఆయన గిరాకీని చూసి నవ్వడు. మా వీధిలో 'అమ్మను' అనే మాట లేదు. ధర అడిగినవాడి మొహం మీదే 'లేదు', 'కాదు' అనడం అశుభం, అందునా పూజనాడు. అమ్మకూడదనుకున్న వస్తువుకు ఆకాశమంత ధర చెబుతాం. గిరాకీ తనే దండం పెట్టి పోతాడు. వాడి మర్యాద వాడికుంటుంది, వస్తువు మనకుంటుంది. మా తాతలనాటినుంచీ ఈ ఉపాయం ఒక్కసారి కూడా బెడిసికొట్టలేదు. పెద్దబాపు మీసం దువ్వి, ఒక ధర చెప్పాడు. అదెంతో నేను చెప్పను. అమ్మిన ధర బయటికి చెప్పే వంశం కాదు మాది. ఆ ధరకు ఆనాడు మా వీధిలోనే దుకాణం పెట్టుకునే మడిగె ఒకటి వచ్చేదని మాత్రం చెప్తాను.

"సరే సేటూ," అన్నాడు మాస్టరు.

నవ్వులు ఎక్కడివక్కడ తెగిపోయాయి. మిర్చి ఏజెంటు తుమ్మబోయి ఆగిపోయాడు. చెప్పిన మొదటి ధరకు 'సరే' అన్న మనిషిని మా వీధి అంతకు ముందు చూడలేదు. మా చెవులకు అది బూతుమాటకన్నా ఘోరంగా వినబడింది.

"ఏమన్నవ్?" అన్నాడు పెద్దబాపు.

"సరే అన్న. వచ్చే శుక్కురారంలోపట పైకం తెస్త. మాకు పరకాల రోడ్డుకు జర జాగ ఉండె, మొన్ననే అమ్మిన. ఇగో బోణీ." జేబులోంచి రూపాయిబిళ్ళ తీసి పెద్దబాపు చేతిలో పెట్టాడు. ఆ చేతికి ఏళ్ళ తరబడి ఒకటే పని. ఏది పడినా మూసుకుంటుంది. మూసుకుంది. మూసుకున్నాక ఆయన తన గుప్పిటను తేలు కుట్టినట్టు చూసుకున్నాడు. బోణీ తీసుకున్నాక మాట తప్పితే మళ్ళీ ఆ వీధిలో తక్కెడ పట్టుకునే మొహం ఉండదు. మాట నిలబెట్టుకుంటే కారు లేదు. కారు గద్దె మీద కుంకుమ భరిణెతో పెద్దమ్మ కూర్చుని ఉంది.

ఆ తరవాత జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. అమ్మేవాడు తన వస్తువును తిట్టడం, కొనేవాడు పొగడటం నేను అప్పుడే చూశాను.

"జర ఆగు మాస్టరూ. బండి సంగతి నీకెరికేనా? పెట్రోలు నీళ్ళలెక్క తాగుతది."

"తాగనీ సేటూ. మా బ్యాండోళ్ళు తాగరా?"

"బ్రేకు తొక్కితే రెండు దుకాండ్ల అవుతల ఆగుతది!"

"పెండ్లి బండికి బ్రేకెందుకు? నడిచేటోళ్ళ ఎనుక నడుస్తది."

"వానొస్తె లోపట గొడుగు పట్టాలె."

"మేం తడువని పెండ్లి ఏదున్నది సేటూ?"

నేను ఊరుకోలేక మధ్యలో దూరాను. "ఇట్లాంటిదే ఖమ్మంల సగం ధరకు దొరుకుతది మాస్టరూ, నేనే చూపిస్త." ఆయన నా వైపు తిరిగి, కోపం లేకుండానే అన్నాడు. "పొద్దుగాల నాతోని బేరమాడింది నువ్వే గద చిన్నసేటూ. నేనేమన్న అన్ననా? పెండ్లిల బంగారమోని దగ్గర బేరం తక్కువ, బట్టలోని దగ్గర తక్కువ. ఆడ తగ్గంది అంత మా బాజాల మీద తగ్గిస్తరు. నా జిందగీల ఒక్క వస్తువన్న బేరమాడకుంట కొనాలని ఉండె. గది ఇయ్యాల కొన్న. ఇగ పెండ్లికొడుకులను గిండ్ల కూసోబెట్టి తిప్పుత."

అప్పుడు కారు తలుపు తెరుచుకుని పెద్దమ్మ దిగింది. ఏడుస్తుందని మేమంతా ఆమె మొహం చూడకుండా నేలచూపులు చూశాం.

"ధర చెప్పింది నువ్వేనా?" అంది పెద్దబాపుతో.

"నేనే, గని..."

"గనీ లేదు గినీ లేదు. బోణీ పట్టినవ్. బండి ఆయనది." మాస్టరు వైపు తిరిగింది. "నాకు కొసరు గావాలె అన్నా."

కొసరు అడిగేది కొనేవాళ్ళు. సేరు పప్పు కొని గుప్పెడు, బిందె కొని గరిటె. అమ్మేవాళ్ళు కొసరు అడగడం ఆ బజారు పుట్టాక లేదు. "అమ్మినోళ్ళకు కొసరేందే?" అని బట్టల షావుకారు అనేశాడు కూడా. పెద్దమ్మ వినిపించుకోలేదు.

"నా పెండ్లికి బాజాల్లెవ్వు. మా మామ బాజాలోళ్ళతోని బేరమాడి ఆడి, ఆళ్ళను లేసిపోయేటట్టు జేసిండు. పీనుగు బండోలె సప్పుడు లేకుంట ఎడ్లబండ్ల ఈ వీధికొచ్చిన. కిటికీలల్ల ఒక్కలు గూడ తొంగి సూడలే. ఆ బాజాలు ఇయ్యాల గొట్టు. ఈ కొసకెల్లి ఆ కొసదాక. అటెన్క తీస్కపో."

మాస్టరు క్లారినెట్టును కళ్ళకద్దుకున్నాడు. పెద్దబాపు మొహం చూశాను. కారు పోయినందుకు కూడా ఆయన అంతగా అదిరిపోలేదు. ఇన్నేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటూ, ఆమె ఆ నిశ్శబ్దాన్ని ఇంకా మోస్తోందని ఆయనకు తెలియదు. ఆమె మళ్ళీ కారెక్కింది, ఆయన వెళ్ళి గద్దె మీద ఆమె పక్కన కూర్చున్నాడు, కొత్తపెళ్ళికొడుకులాగా తల వంచుకుని. ఆమె తల వంచలేదు.

పండుగకని పిలిపించిన డ్రైవరు తాళం తిప్పాడు. బండి కదల్లేదు. పెట్రోలు ఎంత పోయించాడో పెద్దబాపుకే తెలియాలి. ఇంకేముంది, మేమే తోశాం. బట్టల షావుకారు, నూనె మిల్లాయన, తుమ్ముతూ మిర్చి ఏజెంటు, వీధిలో గల్లా పెట్టెలున్న ప్రతివాడూ పట్టు అంగీలు చెమటలో తడిసేలా వెనకనుంచి తోశాడు. ముందు బాజాలు, మేడలమీదనుంచి చామంతులు, మధ్యలో ఇద్దరు ముసలి పెళ్ళివాళ్ళు. చౌరస్తా చేరగానే బండి ఫిరంగిలా పేలి స్టార్టయింది. నేను కాలవలో పడ్డాను.

బ్యాండు వాళ్ళు బాకాలు కిటికీల్లోంచి బయటికి పెట్టుకుని ఎక్కుతుండగా, పెద్దబాపు వెనక చక్రం దగ్గర గొంతుకూర్చుని దండ సరిచేస్తూ కనిపించాడు. పాపం, వీడ్కోలు చెప్తున్నాడనుకున్నాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర అసలు సంగతి బయటపడింది. అంగీ కిందనుంచి ఒక స్టీలు పళ్ళెం తీసి, తుడిచి, పెద్దమ్మ ముందు పెట్టాడు.

"మాటిచ్చి దొంగతనం జేస్తవా?" అని ఆమె గరిటె ఎత్తింది.

"మూడు ఇచ్చిన గదనే. ఒక్కటన్న మిగలకపోతె అది యాపారమెట్లయితది?"

ఆమె తిట్టి తిట్టి, చివరికి పండక్కి చేసిన బచ్చాలు, అదే బొబ్బట్లు, అందులోనే పెట్టుకుని తింది. శుక్రవారం మాస్టరు పైకంతో వచ్చినప్పుడు, ఆయన నోరు తెరవకముందే పెద్దబాపు దుకాణంలోని అన్నిటికన్నా మందమైన పళ్ళెం తీసి, పేరు కొట్టకుండానే చేతిలో పెట్టాడు.

ఆ తరవాత పెద్దబాపు బతికినన్నాళ్ళూ ఏ గిరాకీకీ మొదట ధర చెప్పలేదు. "నువ్వే చెప్పు," అనేవాడు భయం భయంగా. పెళ్ళిళ్ళ కాలంలో పరకాల వైపునుంచి వచ్చినవాళ్ళు పచ్చ కారులో పెళ్ళికొడుకును చూశామంటే పెద్దమ్మ అన్నం తినడం ఆపి వినేది. ఎనభైల చివర్లో మాస్టరు పోయాడన్నారు; కారు మాట వినబడటం మానేసింది. తరవాత పెద్దబాపూ పెద్దమ్మా ఒకరి వెనక ఒకరు పోయారు. పంపకాల్లో దుకాణం కోసం మా అన్నదమ్ములతో గొంతు పోయేదాకా బేరమాడి ఓడిపోయాను. కొసరుగా ఆ పళ్ళెం అడిగితే నవ్వి ఇచ్చేశారు. ఇవాళ్టికీ నా అన్నం అందులోనే.

రోడ్డు మీదనుంచి లేపి నిలబెట్టి ఆ కుర్రవాడు నాకు నీళ్ళిచ్చాడు. వెనక చక్రం చూపించాడు. "మూడే అసలైనవి అంకుల్. ఈ నాలుగోది ఉత్తదే, దీని మీద పేరు లేదు. దేశమంతా వెతికిన. ఎవరి దగ్గరన్నా ఉంటె చెప్పండి, ఎంతడిగినా ఇస్త. బేరం గూడ ఆడను."

బేరమాడని గిరాకీ నా ఎదుట నిలబడ్డాడు, నా బతుకులో నాకు దొరికిన మొదటివాడు, బహుశా చివరివాడు. నాలుక చివరిదాకా ఒక ధర వచ్చింది, ఆకాశమంత ధర. వాడు 'సరే' అంటాడని వాడి కళ్ళే చెబుతున్నాయి. నోరు మూసుకున్నాను. ఆ బోర్డు మీద ఉన్నది అబద్ధమని కూడా చెప్పలేదు. వీధి వీధంతా చెమటోడ్చి తోసిన బండిలో ఊరేగిన ఆడమనిషిని రాణి అంటే తప్పేముంది?

ఇంటికొచ్చి మా ఆవిడను పళ్ళెంలో అన్నం పెట్టమన్నాను, కూర లేకపోయినా ఫరవాలేదన్నాను. తింటుంటే అంచు వెంట ఉన్న చుక్కలు వేలికి తగిలాయి. ఇన్నాళ్ళూ కాలం మనతో గీచిగీచి బేరమాడుతుందనే అనుకున్నాను. అది ఆ బ్యాండు మాస్టరులాంటిది. మనం ఏమరుపాటున ఒక మాట అనేదాకా ఓపిగ్గా నిలబడి, 'సరే' అని, మనదాన్ని మన కళ్ళముందే తోలుకుపోతుంది.